కార్ లిఫ్టు మోటారు: మాటిమాటికీ పోయే ఫ్యూజు

విజయవాడ ఆటోనగర్‌లో గానీ, హైదరాబాద్ శివార్లలోని ఏ సర్వీసు షెడ్డులో గానీ రెండు స్తంభాల కార్ లిఫ్టు ఫ్యూజు మీద ఫ్యూజు కొట్టేస్తోందంటే, ఒక్క పూటలోనే నాలుగు రకాల తీర్పులు వినొచ్చు. ఎలక్ట్రీషియన్ వోల్టేజి చాలడం లేదంటాడు. వైండింగ్ షాపతను కాయిల్ పోయిందంటాడు. లిఫ్టు అమ్మినవాళ్లు బరువు ఎక్కువ ఎక్కించారంటారు. షెడ్డు యజమానికి ఇవేవీ పట్టవు. బయట బండ్లు వరస కట్టాయి కాబట్టి ఫ్యూజులో ఇంకో రెండు పోగుల తీగ వేసి నడిపించమంటాడు. మొదటి ముగ్గురిలో ఎవరి మాటా పూర్తిగా కొట్టిపారేయదగ్గది కాదు. ఒక్కో మాట ఒక్కో సందర్భంలో నిజమవుతుంది. నాలుగో మాట మాత్రం ఏ సందర్భంలోనూ పనికిరాదు. ఏది ఎప్పుడు నిజమో తేల్చే గుర్తులేమిటన్నదే ఇక్కడి ప్రశ్న. నా అభిప్రాయం ముందే చెబుతాను. ఫ్యూజు ఏ క్షణంలో పోతోందో గమనిస్తే సగం జబ్బు తెలుస్తుంది. మూడు ఫేజుల్లోనూ ఆంపియర్లు కొలిస్తే మిగతా సగంలో చాలా భాగం బయటపడుతుంది. ఈ రెండూ చెయ్యకుండానే మోటారు విప్పి వైండింగుకు పంపడం మన షెడ్లలో అలవాటైపోయింది.

అసలు ఆ మోటారు చేసే పనెంతో మొదట లెక్కేద్దాం. నాలుగు టన్నుల లిఫ్టులకు సాధారణంగా 2.2 కిలోవాట్ల మోటారు, అంటే 3 హార్స్‌పవర్‌ది ఉంటుంది. అది గేర్ పంపును తిప్పుతుంది. పంపు నూనెను సిలిండర్లలోకి తోస్తే గొలుసులూ తీగతాళ్ల ద్వారా చేతులు పైకి లేస్తాయి. నాలుగు టన్నులను 1.8 మీటర్ల ఎత్తుకు 50 సెకన్లలో లేపడానికి నికరంగా కావలసింది సుమారు 1.4 కిలోవాట్లు. పంపులోనూ సిలిండర్లలోనూ పుల్లీల దగ్గరా వృథా అయ్యేది కలిపితే 2 కిలోవాట్లు దాటుతుంది. అంటే పూర్తి బరువు మీద మోటారుకు మిగులు సత్తువ పెద్దగా ఉండదు. కానీ షెడ్డుకొచ్చే కార్లు అంత బరువుండవు. చిన్న హ్యాచ్‌బ్యాక్ బండి టన్ను లోపే. ఇన్నోవా, ఫార్చ్యూనర్ లాంటివి రెండు టన్నులకు అటూ ఇటూ. వాటికి మోటారు సగం కష్టపడితే చాలు. కాబట్టి సరుకు దించకుండా తెచ్చిన పికప్‌ను ఎక్కిస్తే తప్ప, బరువు వల్లే ఫ్యూజు పోతోందన్న వాదన నిలవదు. ఆల్టోకు కూడా పోతోందంటే బరువు సంగతి వదిలేసి వేరేచోట వెతకాలి.

ఇక ఫ్యూజు. 415 వోల్టుల త్రీఫేజు సప్లై మీద ఈ మోటారు పూర్తి లోడులో తీసుకునేది దాదాపు 5 ఆంపియర్లు. నేరుగా స్టార్ట్ చేసిన క్షణంలో అది ఆరేడు రెట్లు, అంటే 30 ఆంపియర్ల పైచిలుకు లాగుతుంది. మోటారు వేగం అందుకునే దాకా, సెకను లోపే, ఆ లాగుడు ఉంటుంది. అదే 3 హార్స్‌పవర్ మోటారు సింగిల్ ఫేజుదైతే 230 వోల్టుల మీద నడిచేటప్పుడే 14 ఆంపియర్ల దాకా తీసుకుంటుంది. స్టార్టింగులో అది 70 ఆంపియర్ల వరకు పోవచ్చు. ఫ్యూజు ఈ తాకిడిని తట్టుకోవాలి, అసలైన షార్టు వస్తే మాత్రం వెంటనే తెగాలి.

పాత కిట్‌క్యాట్ కట్‌అవుట్‌లో చుట్టే తీగ విషయంలో ఇక్కడే తేడా వస్తుంది. తీగ మందానికీ అది కరిగే కరెంటుకూ ఉన్న లెక్కను బ్రిటిష్ పోస్టాఫీసు ఇంజనీరు విలియం ప్రీస్ 1880లలోనే చెప్పాడు. 0.35 మిల్లీమీటర్ల రాగి తీగను 10 ఆంపియర్లదిగా వాడతారు. అది నిలకడగా 16, 17 ఆంపియర్లు పోతే కరుగుతుంది. 0.5 మిల్లీమీటర్లది 15 ఆంపియర్ల తీగ. అది కరగడానికి దాదాపు 28 ఆంపియర్లు కావాలి. అంటే పైన చెప్పిన త్రీఫేజు మోటారుకు 5 ఆంపియర్ల తీగ చుడితే ప్రతి స్టార్టుకూ పోతుంది. 10 ఆంపియర్లదైతే ఒకరోజు నిలుస్తుంది, మర్నాడు పోతుంది. అక్కడ మోటారులో ఏ లోపమూ లేదు. దానికి సరైన మందు తీగను ఊహగా లావు చెయ్యడం కాదు. మోటారు స్టార్టింగును భరించే హెచ్‌ఆర్‌సీ ఫ్యూజు వేయాలి. 16 ఆంపియర్ల జీజీ రకం ఫ్యూజు 30 ఆంపియర్లను కొన్ని సెకన్ల పాటు సునాయాసంగా ఓర్చుకుంటుంది. ఎంసీబీ వాడేవాళ్లు కూడా బి రకం పెట్టి బాధపడుతుంటారు. అది తన విలువకు మూడు నుంచి ఐదు రెట్లకే పడిపోతుంది. సి రకం ఐదు నుంచి పది రెట్ల దాకా, డి రకం పది నుంచి ఇరవై రెట్ల దాకా ఆగుతుంది. మోటారుకు సి గానీ డి గానీ ఉండాలి.

ఇంత పెద్ద ఫ్యూజు పెడితే 7, 8 ఆంపియర్ల దగ్గర మెల్లగా కాలిపోయే మోటారును ఎవరు కాపాడతారన్న అనుమానం న్యాయమైనదే. ఆ పని ఓవర్‌లోడ్ రిలేది. మోటారు నేమ్‌ప్లేటు మీద రాసిన ఆంపియర్లకు దాన్ని సెట్ చేస్తే, కాస్త ఎక్కువైనా కొంత సేపట్లో స్టార్టర్‌ను వదిలించేస్తుంది. ఫ్యూజు షార్టు కోసం, రిలే ఓవర్‌లోడు కోసం. చవక లిఫ్టుల్లో ఈ రిలే ఉండనే ఉండదు. బటనే నేరుగా మోటారు కరెంటును మోస్తుంది. రిలే చేయాల్సిన పనిని ఫ్యూజుతో చేయించబోయి, చిన్నది పెడితే ఊరికే పోతోందనీ, పెద్దది పెడితే మోటారు కాలిందనీ రెండు విధాలా నష్టపోయిన షెడ్లు నాకు తెలుసు.

ఫ్యూజు సరైనదే, అయినా పోతోంది. అప్పుడు ఎప్పుడు పోతోందో చూడాలి.

బటన్ నొక్కీ నొక్కగానే, మోటారు కదలకముందే ఠప్పున పోతే అది షార్టే. కట్‌అవుట్ పింగాణీ మీద నల్లటి మసి, చుట్టూ చిమ్మిన రాగి చుక్కలు కనిపిస్తే పెద్ద కరెంటు వచ్చిందని అర్థం. తీగ మధ్యలో మెత్తగా కరిగి తెగితే అది మెల్లగా పెరిగిన ఓవర్‌లోడు. షార్టు దొరికే చోట్లు కొన్ని ఉన్నాయి. స్తంభం నుంచి స్తంభానికి పైన అడ్డంగా పోయే కేబులు గొలుసుకు రాసుకుని ఒరిసిపోవడం ఒకటి. వాటర్ వాష్ చేసే చోటే లిఫ్టు ఉంటే మోటారు కనెక్షన్ పెట్టెలో నీరు చేరడం ఇంకొకటి. వానాకాలంలో ప్యానెల్లో దూరి రెండు ఫేజుల మధ్య కాలిపోయిన బల్లి కూడా మన దగ్గర అరుదైన దృశ్యమేమీ కాదు. స్క్రూ మీద నడిచే లిఫ్టుల్లో మరో కారణం ఉంది, దాన్ని చాలామంది మర్చిపోతారు. వాటిలో పైకి ఒక కాంటాక్టర్, కిందికి ఒక కాంటాక్టర్ ఉంటాయి. రెండోది రెండు ఫేజులను తారుమారు చేసి మోటారును వెనక్కి తిప్పుతుంది. ఒకదాని కాంటాక్టులు అతుక్కుపోయి, ఇంటర్‌లాక్ కూడా పాడైతే, రెండోది పడగానే ఫేజూ ఫేజూ నేరుగా కలుస్తాయి. పైకి పోయేటప్పుడు బాగుండి, కిందికి నొక్కిన క్షణంలోనే ఫ్యూజు పోతోందంటే మోటారు జోలికి పోకుండా ముందు ఆ కాంటాక్టర్లు చూడాలి.

ప్యానెల్ నుంచి మోటారు వైర్లు విడదీసి బటన్ నొక్కితే, ఫ్యూజు అప్పుడూ పోతే తప్పు ప్యానెల్లోనో కేబుల్లోనో ఉంది. నిలిస్తే మోటారు వైపు. విడదీసిన మోటారుకు 500 వోల్టుల మెగ్గర్ (ఇన్సులేషన్ కొలిచే మీటరు) పెట్టి వైండింగుకూ బాడీకీ మధ్య చూడాలి. 1 మెగోమ్ కంటే తక్కువుంటే ఆ మోటారుకు కరెంటు ఇవ్వకూడదు. 5 దాటితే నిశ్చింత. చెమ్మ వల్ల తగ్గిన విలువ మోటారును ఆరబెడితే మళ్లీ పెరుగుతుంది, వైండింగు ఖర్చు తప్పుతుంది. మెగ్గర్‌కు దొరకని జబ్బు ఒకటుంది. ఒకే కాయిల్‌లో చుట్టుకు చుట్టు కలిసిపోతే బాడీకి లీకు ఉండదు కాబట్టి మెగ్గర్ బాగుందనే చెబుతుంది. అలాంటప్పుడు మూడు వైండింగుల ఓమ్‌లను పోల్చి చూడాలి. ఒకటి మిగతా రెంటి కంటే స్పష్టంగా తక్కువుంటే అప్పుడు వైండింగ్ షాపతని మాటే నిజం.

మోటారు గుంయ్‌మని మూలుగుతూ తిరగకుండా ఉండి, రెండు మూడు సెకన్లలో ఫ్యూజు పోవడం అన్నిటికంటే ఎక్కువగా వినిపించే ఫిర్యాదు. నా దృష్టిలో అసలు కథంతా ఇక్కడే ఉంది. త్రీఫేజు మోటారులో దీనికి మొదటి కారణం ఒక ఫేజు లేకపోవడం. బోరు మోటార్లు కాలిపోయిన ప్రతి రైతుకూ ఇది తెలుసు, సింగిల్ ఫేజింగ్ ప్రివెంటర్ పెట్టుకుంటాడు. కార్ల షెడ్డులో మాత్రం దాని ఊసే ఉండదు. ఆగి ఉన్న మోటారుకు రెండు ఫేజులే అందితే తిప్పే బలం పుట్టదు. అది అలా నిలబడే స్టార్టింగు కరెంటులో 87 శాతం లాగుతూ ఉంటుంది. నడుస్తుండగా ఫేజు పోతే ఆగకుండా తిరుగుతుంది, కానీ మిగిలిన రెండు ఫేజుల్లో కరెంటు 1.73 రెట్లకు పైగా పెరుగుతుంది. ఇప్పుడు ఏం జరుగుతుందో చూడండి. మూడు ఫ్యూజుల్లో ఏదో ఒకటి, పాతబడో స్క్రూ వదులయ్యో పోతుంది. అది ఎవరూ గమనించరు. మళ్లీ బటన్ నొక్కితే ఆ భారం మిగతా రెంటి మీద పడి ఇంకొకటి పోతుంది. మెకానిక్ ఆ రెండోదాన్నే మార్చి, మోటారు ఫ్యూజులు తినేస్తోందంటాడు. ఒక ఫ్యూజు పోయినప్పుడు మూడూ మార్చడం, మార్చాక మోటారు టెర్మినళ్ల దగ్గర మూడు జతల మధ్యా మీటరుతో వోల్టేజి చూడడం తప్పనిసరి చేసుకోవాలి. అదీ బటన్ నొక్కి ఉంచి, లోడు మీద చూడాలి. ఖాళీగా ఉన్నప్పుడు టెస్టర్ మూడింట్లోనూ వెలుగుతుంది. కాంటాక్టరులో కాలిపోయిన ఒక కాంటాక్టు లోడు పడితే గానీ తన లోపం చూపదు.

ఫేజు పూర్తిగా పోకపోయినా, మూడింటి మధ్య తేడా ఉన్నా మోటారుకు ముప్పే. ఒక షెడ్డులో 415, 410, 390 వోల్టులు వస్తున్నాయనుకుందాం. సగటు 405. దాని నుంచి 390కి తేడా 15, అంటే 3.7 శాతం. చూడ్డానికి చిన్నదే. కానీ మోటారు కరెంటులో తేడా దానికి ఆరు నుంచి పది రెట్లు ఉంటుంది. అంటే ఒక ఫేజు సగటు కంటే 22 నుంచి 37 శాతం దాకా ఎక్కువగానో తక్కువగానో లాగొచ్చు. ఎప్పుడూ ఒకే ఫేజు ఫ్యూజు పోతుంటే ఇది గుర్తుకు రావాలి. తప్పు సప్లైదా మోటారుదా తేల్చడానికి ఒక పాత ఉపాయం ఉంది. మూడు వైర్లనూ ఒక్కో స్థానం జరిపి మళ్లీ బిగించాలి. అలా జరిపితే మోటారు తిరిగే దిక్కు మారదు. ఎక్కువ కరెంటు పాత సప్లై లైను దగ్గరే కనిపిస్తే తప్పు సప్లైది. మోటారు వైరుతో పాటు జరిగిపోతే తప్పు మోటారుది. పది నిమిషాల పని ఇది. మోటారును వైండింగుకు పంపే ముందు ఇది చేశారా అని అడిగే హక్కు యజమానికి ఉంది.

సింగిల్ ఫేజు లిఫ్టుల్లో ఇదే మూలుగుకు కారణాలు వేరు. స్టార్టింగు కండెన్సర్ చచ్చిపోయినా, మోటారు లోపలి సెంట్రిఫ్యూగల్ స్విచ్ కాంటాక్టులు కాలి కలవకపోయినా మోటారు కదలదు. స్విచ్ కలిసి విడిపోకపోతే మరో తీరుగా ఉంటుంది. ఆ స్విచ్ మోటారు మూడొంతుల వేగం అందుకోగానే స్టార్టింగు వైండింగును తప్పించాలి. అతుక్కుపోతే మోటారు బాగానే తిరుగుతుంది, కానీ శబ్దం బొంగురుగా మారి, కొన్ని సెకన్లలోనే ఫ్యూజు పోతుంది. ఉబ్బిన, నూనె కారిన కండెన్సర్‌ను చూడగానే మార్చేయొచ్చు. మిగతావాటికి మైక్రోఫారడ్లు కొలవాలి. ముట్టుకునే ముందు ఒక బల్బు ద్వారా దాన్ని డిశ్చార్జ్ చెయ్యాలి. కరెంటు తీసేసినా అది షాకు కొడుతుంది.

కేబుల్ సంగతి విడిగా చెప్పాలి, ఎందుకంటే సింగిల్ ఫేజు లిఫ్టు సమస్యల్లో చాలా వాటికి అదే మూలం. మీటరు బోర్డు నుంచి లిఫ్టు 30 మీటర్ల దూరంలో ఉండి, 1.5 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు వేశారనుకుందాం. పోను రాను 60 మీటర్ల వైరులో నిరోధం సుమారు 0.73 ఓమ్‌లు. స్టార్టింగులో 70 ఆంపియర్లు పోతే వైరులోనే 50 వోల్టులు దిగిపోతాయి. మోటారుకు అందేది 180. తిప్పే బలం వోల్టేజి వర్గాన్ని బట్టి ఉంటుంది కాబట్టి అది 61 శాతానికి పడిపోతుంది. మోటారు వేగం అందుకోవడానికి ఎక్కువసేపు తీసుకుంటుంది, అంతసేపూ ఫ్యూజు కాలుతూనే ఉంటుంది. అదే 4 చదరపు మిల్లీమీటర్ల వైరైతే దిగేది 20 వోల్టులే. ఎక్స్‌టెన్షన్ బోర్డు మీద లిఫ్టు నడపడం ఎంత తప్పో ఈ లెక్కే చెబుతుంది. వైరు సరిగానే ఉండి ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర నుంచే వోల్టేజి తక్కువొస్తుంటే అది డిస్కం పని. 415 వోల్టుల సప్లైలో 6 శాతానికి మించి, అంటే 390 కంటే కిందికి పడకూడదని నిబంధన. వరసగా కొన్ని రోజులు రాసుకున్న రీడింగులతో ఫిర్యాదు చేస్తే బలం ఉంటుంది.

లిఫ్టుకే ప్రత్యేకమైన ఒక గుర్తు ఉంది. నేల మీద నుంచి లేపేటప్పుడు చేతులు కారును తాకేలోపు మోటారు ఖాళీగా తిరిగి వేగం అందుకుంటుంది. మధ్యలో ఆపి మళ్లీ నొక్కితే మాత్రం తొలి క్షణం నుంచే కారు బరువంతా పంపు మీద ఉంటుంది. కింద నుంచి బాగా లేస్తూ, సగంలో ఆపి మళ్లీ నొక్కినప్పుడే ఫ్యూజు పోతోందంటే మోటారు స్టార్టింగు బలం తగ్గిందన్నమాట. కండెన్సరో వోల్టేజో కేబులో, ఆ వరసలో చూడాలి.

నడుస్తూ నడుస్తూ ఫ్యూజు పోయే లిఫ్టులో హైడ్రాలిక్ వైపు చూడడం సబబు. కొలిచినప్పుడు మూడు ఫేజుల్లో కరెంటు సమానంగా ఉండి, మొత్తంగా ఎక్కువుంటే సాధారణంగా తప్పు విద్యుత్తుది కాదు, మోటారు మీద పడే బరువుది. అసమానంగా ఉంటే విద్యుత్తుదే. ఈ ఒక్క సూత్రం గుర్తుంటే చాలా ఖర్చు తప్పుతుంది. కారు లేకుండానే కరెంటు ఎక్కువుంటే పంపు బిగుసుకుందో, బేరింగు పోయిందో, మందపాటి గేర్ ఆయిల్ పోశారో చూడాలి. ఈ పవర్ ప్యాకులకు సాధారణంగా 32 గానీ 46 గానీ గ్రేడు హైడ్రాలిక్ నూనె చెబుతారు. పైకి చేరాక పోతోందంటే రిలీఫ్ వాల్వు మీద అనుమానం. బరువైన బండ్లు లేవడం లేదని ఎవరో దాన్ని బిగించి ఉంటారు. అప్పుడు సిలిండర్ చివరికి చేరినా నూనెకు దారి దొరకదు, మోటారు ఆగిపోయి స్టార్టింగు కరెంటు లాగుతుంది. ఆ వాల్వును ప్రెషర్ గేజి లేకుండా తిప్పడం నేరంతో సమానం. అది ఫ్యూజు కోసం పెట్టింది కాదు, కారు కింద పనిచేసే కుర్రాడి కోసం పెట్టింది. స్క్రూ లిఫ్టులో ఇదే పని గ్రీజు ఎండిన స్క్రూ, అరిగిన నట్టు చేస్తాయి.

నాలుగైదు కార్లు లేపాక మాత్రమే పోతే వేడి కారణం. లిఫ్టు మోటారు రోజంతా తిరగడానికి చేసింది కాదు, కాసేపు తిరిగి చల్లారడానికి చేసింది. దానితో పాటు కట్‌అవుట్‌లో వదులు స్క్రూ ఉంటే అక్కడ పుట్టే వేడికి ఫ్యూజు తన విలువ కంటే తక్కువకే కరుగుతుంది. ప్లాస్టిక్ గోధుమరంగుకు మారిన చోటే ఆ స్క్రూ ఉంటుంది.

విదేశాల నుంచి తెచ్చిన లిఫ్టులకు నేమ్‌ప్లేటు చదవడం ముఖ్యం. 220/380 అని రాసిన మోటారును మన 415 సప్లై మీద స్టార్‌లో కలపాలి. డెల్టాలో కలిపితే ప్రతి వైండింగు మీదా 1.73 రెట్ల వోల్టేజి పడుతుంది, ఖాళీగా తిప్పినా ఫ్యూజులు నిలవవు. వైండింగు నుంచి తిరిగొచ్చిన మోటారు మొదటి రోజే ఫ్యూజు కొట్టేస్తే ముందు ఈ కనెక్షన్లే చూడాలి. 220 వోల్టులు, 60 హెర్ట్జ్ అని రాసిన సింగిల్ ఫేజు మోటారును మన 230 వోల్టుల 50 హెర్ట్జ్ మీద నడిపితే దాని ఇనుములో అయస్కాంత ప్రవాహం పాతిక శాతం పెరుగుతుంది. ఆ మోటారుకు ఏ రిపేరూ లేదు, మార్చడమే.

ఇక ఫ్యూజు పోయినప్పుడు కారు పైనే ఉంటే ఏం చేయాలన్నది మిగిలింది. హైడ్రాలిక్ లిఫ్టులో కరెంటు పోయినా చెక్ వాల్వు బండిని ఆపుతుంది, చేతి లీవరుతో దించొచ్చు. కానీ బండి సేఫ్టీ లాకుల మీద కూర్చుని ఉంటే, లాకులు విడిపించడానికి ముందు కాస్త పైకి లేపాలి. మోటారు లేకుండా అది కుదరదు. సరిగ్గా ఈ ఘడియలోనే, కస్టమర్ ఎదురుచూస్తుండగా, కట్‌అవుట్‌లోకి లావు తీగ వస్తుంది. కొన్ని పవర్ ప్యాకులకు చేతి పంపు ఉంటుంది. లేనివాటికి తయారీదారు చెప్పిన పద్ధతిలో దించాలి. అంతవరకూ కారు కిందికి ఎవరూ పోకూడదు.

లిఫ్టు ఉన్న ప్రతి షెడ్డు యజమానికీ నా విన్నపం ఇది. లిఫ్టు బాగా నడుస్తున్న రోజునే క్లాంప్ మీటరు పెట్టి ఖాళీగా ఎంత, కారుతో ఎంత, పై చివర ఎంత అని మూడు ఫేజుల ఆంపియర్లూ రాయించి ప్యానెల్ తలుపు లోపల అంటించండి. ఓవర్‌లోడ్ రిలే, ఫేజు ఫెయిల్యూర్ రిలే లేకపోతే వెంటనే పెట్టించండి. ఆ రెంటి ఖర్చూ మోటారు వైండింగు ఖర్చు ముందు చాలా తక్కువ. ఒకే రోజు రెండోసారి ఫ్యూజు పోతే మూడోది వేయకుండా, లైసెన్సున్న ఎలక్ట్రీషియన్ వచ్చేదాకా మెయిన్ ఆపేసి తాళం వేయండి.